మైత్రియు ప్రతిజ్ఞయు

ఇరువదియేండ్ల క్రిందట మేము వేఱొక ఊరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులముగా నుండిన కాలమున జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభింతుము. ఆ పాఠశాల ప్రయోగశాలలో అద్దాల పెట్టెలో నుంచబడిన యొక సున్నితపు త్రాసు కలదు. ఒకనాటి సాయంకాలము పదవ తరగతి బాలురు ముగ్గురు, ఎవరును లేని సమయము చూచి, ఆ పెట్టె తెఱచి, తమ చేతిగడియారముల బరువు తూచబోయి, త్రాసును క్రింద పడవైచిరి. కాడ వంగెను. అద్దము పగిలెను. ముగ్గురును అక్కడనే చేతిలో చేయి వేసికొని, ప్రాణము పోయినను ఈ మాట పైకి రానీయరాదని ఒట్టు పెట్టుకొనిరి. పెట్టెకు తాళము వేయలేదను దోషము వృద్ధుడగు అటెండరుపై పడెను. రెండు నెలలపాటు అతని జీతములో కోత పెట్టబడెను.

సంగతి ఎట్లు బయటపడెనో చివర చెప్పుదుము. బయటపడిన పిమ్మట ఆ మువ్వురిలో నొకనిని మేము పిలిచి, “ఆ ముసలాయన జీతం తెగుతూ ఉంటే నీకు నిద్ర ఎట్లా పట్టిందిరా?” యని యడిగితిమి. వాడు తల వంచుకొని, “ఒట్టు వేసుకున్నాం మాస్టారూ. స్నేహితులకు ద్రోహం చెయ్యమంటారా? ఉంగరం కథలో ఆ తొమ్మిదిమందీ ఒకరినొకరు విడిచిపెట్టుకున్నారా?” యని బదులాడెను.

ఆ ప్రశ్నకు నాడు మేము తగిన యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ బాలుడు గ్రంథమును మాకంటె శ్రద్ధగా చదివినవాడు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను నా కథ 2001 మొదలు 2003 వఱకు మూడు చలనచిత్రములుగా వరుసగా వెలువడి యుండుటచే, ఆ దినములలో పై తరగతుల బాలబాలికల నోట అదియే మాట. మేము మాత్రము అద్భుతకథలనగా పిల్లల కాలక్షేపమని తలంచి యుంటిమి. ఆ బాలునికి చెప్పవలసిన యుత్తరము కొరకే గ్రంథమును చేతబట్టితిమి, పిమ్మట విడువలేకపోతిమి. మా యభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదుము. ఆ బాలుడు సాక్షిగా పిలిచిన గ్రంథము అతని పక్షమున సాక్ష్యము చెప్పదు, ఎదిరిపక్షముననే చెప్పును.

ఈ గ్రంథమును వ్రాసిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాలో జన్మించెను. నాలుగేండ్లకు తండ్రిని, పండ్రెండేండ్లకు తల్లిని పోగొట్టుకొని, ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణమున కింగ్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదువుకొనెను. తలిదండ్రులు లేని బాలునకు స్నేహితులే చుట్టములు గదా. 1911లో ఆ పాఠశాల పై తరగతి విద్యార్థులు కొందరు గ్రంథాలయములో రహస్యముగా తేనీరు కాచుకొని త్రాగుచు కావ్యచర్చలు చేసెడివారు. (మా గ్రంథాలయాధ్యక్షులు ఈ వాక్యమును చదువకుందురుగాక.) తరువాత బ్యారో అనువారి అంగడిలోని ఫలాహారశాలలో కూడుచుండుటచే, ఆ కూటమికి ఆ అంగడి పేరును తేనీటి పేరును కలిపి వారు వేడుకగా ఒక పెద్ద నామకరణము చేసికొనిరి. అందు ముఖ్యులు నలువురు: టోల్కీన్, క్రిస్టొఫర్ వైజ్‌మన్, ప్రధానోపాధ్యాయుని కుమారుడగు రాబర్ట్ గిల్సన్, జాఫ్రీ స్మిత్.

1914లో మహాసంగ్రామము వచ్చెను. వైజ్‌మన్ నౌకాదళమున చేరెను; తక్కిన మువ్వురు పదాతిదళములలో చేరిరి. 1916 జూలై 1వ తేదీన ఫ్రాన్సు దేశమున సోమ్ నదీప్రాంతమున మహాయుద్ధము ప్రారంభమైనది. ఆ యొక్కదినముననే బ్రిటిషు సైన్యమున సుమారు 19,000 మంది మడిసిరి. వారిలో గిల్సన్ ఒకడు. అదే సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఫిరంగిగుండు తునక తగిలిన గాయముచే స్మిత్ మరణించెను. టోల్కీన్ కందకములలోని పేలవలన వ్యాపించు జ్వరముపాలై, నవంబరులో స్వదేశమునకు పంపబడి, బ్రతికెను. స్మిత్ తాను మరణించుటకు కొన్ని నెలల ముందు, రాత్రివేళ ప్రమాదకరమగు పనికి బయలుదేరబోవుచు, టోల్కీనునకు ఒక లేఖ వ్రాసెను. తాను చనిపోయినను, తాము చెప్పదలచినది చెప్పుటకు ఒకడైన మిగిలియుండుననుట తనకు ఊరటయని దాని తాత్పర్యము. ఆ స్మిత్ వ్రాసిన పద్యములను 1918లో గ్రంథముగా ప్రకటించుటకు టోల్కీన్ తోడ్పడెను. తన కుమారులలో నొకనికి క్రిస్టొఫర్ అని పేరు పెట్టుకొనెను. మూడు సంపుటముల ఉంగరపు గాథ 1954, 1955 సంవత్సరములలో వెలువడినది; అనగా ఆ మిత్రులిద్దరును మట్టిలో కలిసిన ముప్పదియెనిమిదేండ్లకు. యోధుల సోదరభావమును గూర్చి యీయన వ్రాసినది గదిలో కూర్చుండి ఊహించినది కాదని తెలియుటకే ఇంత చెప్పవలసివచ్చినది.

కథ తెలియని తల్లిదండ్రుల కొరకు రెండు మాటలు. లోకమునంతయు లోబఱచుకొనగల ఒక దుష్టశక్తిగల ఉంగరము కలదు. అది పుట్టిన యగ్నిపర్వతమున పడవేసిననే గాని నశింపదు. దానిని మోయుటకు ఫ్రోడో అను నొక పొట్టిజాతివాడు, హాబిట్టు అందురు, ఒప్పుకొనెను. వానికి తోడుగా ఎనమండుగురు బయలుదేరిరి. వారిలో వాని తోటమాలి శామ్, వాని జ్ఞాతులు మెర్రీ, పిప్పిన్, మాంత్రికుడగు గాండాల్ఫ్, అజ్ఞాతవాసముననున్న రాజు ఆరగార్న్, గొండార్ దేశపు వీరుడు బోరోమిర్, ఎల్ఫుజాతివాడు లెగొలాస్, మరుగుజ్జు జాతివాడు గిమ్లీ. ఎల్రాండ్ అను ఎల్ఫుల పెద్ద వారిని సాగనంపెను.

ఆ బాలుడు మఱచిన ఘట్టము ఈ సాగనంపుటయే. ఇంతటి భయంకరకార్యమునకు పోవు వీరులచేత ఏ రాజైనను కత్తిపై చేయి వేయించి ప్రమాణము చేయించును. ఎల్రాండ్ చేయింపలేదు. ఉంగరము మోయువానిపై మాత్రమే భారము పెట్టి, తక్కినవారు స్వేచ్ఛగా వచ్చు స్నేహితులని, ఎంతదూరము మనసు వచ్చిన నంతదూరము పోవచ్చునని, వెనుకకు మరలవచ్చునని, త్రోవ మార్చుకొనవచ్చునని స్పష్టముగా చెప్పెను. గిమ్లీకి ఇది నచ్చలేదు. త్రోవ చీకటియైనపుడు సెలవు పుచ్చుకొనువాడు విశ్వాసహీనుడని, ప్రమాణమున్నచో బెదరిన గుండెకు బలము కలుగునని అతడు వాదించెను. ఆ ప్రమాణమే గుండెను పగులగొట్టవచ్చునని ఎల్రాండ్ ప్రత్యుత్తరము. రెండు మూడు మాటలలో ముగిసిన యీ సంవాదమును పాఠకులు సామాన్యముగా దాటిపోవుదురు. మేమును మొదట దాటిపోయినవారమే.

ఎల్రాండ్ ఇట్లు ఏల పలికెనో తెలియవలెనన్న, టోల్కీన్ చనిపోయిన నాలుగేండ్లకు, 1977లో, ఆయన కుమారుడగు క్రిస్టొఫర్ ప్రకటించిన ‘ది సిల్మరిలియన్’ అను గ్రంథమును చూడవలెను. అందు ఫెయనార్ అను ఎల్ఫురాజు మూడు దివ్యరత్నములను నిర్మించెను. మోర్గాత్ అను దుర్మార్గుడు ఆయన తండ్రిని చంపి వానిని దొంగిలించెను. ఫెయనారును ఆయన కుమారులేడ్వురును దివిటీల వెలుగున కత్తులు దూసి ప్రతిజ్ఞ చేసిరి. ఆ రత్నములను ఎవడుంచుకొన్నను, దేవుడుగాని దయ్యముగాని మనుష్యుడుగాని, ఇంకను పుట్టనివాడుగాని, వానిని వెంటాడి పగతీర్చుకొందుమని. ఏడ్వురు సోదరులు ఒక్క గొంతుకతో పలికిన మాట! చదువునపుడు మా రోమములు నిక్కపొడుచుకొనినవని యొప్పుకొనుచున్నాము. యువకుల మనస్సును ఇట్టి ఘట్టములే దోచుకొనును.

తరువాత నేమి జరిగినది? సముద్రము దాటుటకు ఓడలు కావలెను. ఓడలవారు ఇయ్యమనిరి. వారు శత్రువులు కారు, తమ జాతివారే. వారిని నఱికి ఓడలు తీసికొనిరి. ఆవలి యొడ్డు చేరి, వెనుకనున్న బంధువుల కొరకు ఓడలు మరల పంపక తగులబెట్టిరి. ఏండ్లు గడచినవి. ఒక రత్నము వేఱొక రాజు చేతికి వచ్చెను. ఆ రాజ్యముపై పడి రాజును చంపిరి. ఆ యుద్ధమున ఏడ్వురు సోదరులలో మువ్వురు మడిసిరి. ఆ రాజుయొక్క చిన్నకుమారు లిద్దరిని సేవకులు అడవిలో విడిచివేసిరి. జ్యేష్ఠుడగు మెయ్‌ద్రోస్ పశ్చాత్తాపముతో ఆ పిల్లల కొరకు బహుకాలము వెదకియు కానలేకపోయెను. అయినను ప్రతిజ్ఞ నిలిచియే యున్నది. మరల మూడవమారు సముద్రతీరమునందలి శరణార్థుల పల్లెపై పడిరి. అప్పుడు వారి సొంత బంట్లలోనే కొందరు కత్తి ఎత్తక తొలగి నిలిచిరి. కొందరు ఏలికలకే ఎదురుతిరిగి, ఆ శరణార్థుల పక్షమున పోరాడి, చనిపోయిరి. టోల్కీన్ వీరి పేర్లు కూడ చెప్పడు. ఒక వాక్యముతో సరి. ఆ వాక్యమునొద్ద మేము చాలసేపు ఆగితిమి. విశ్వాసఘాతకులని వీరిననవలెనా?

కడపట ఇద్దరు సోదరులే మిగిలిరి. చిన్నవాడగు మాగ్లార్ ఇక ప్రతిజ్ఞను విడిచి లోబడుదమని వేడుకొనెను, పెద్దవాడు వినలేదు. కావలివారిని చంపి రత్నములను దొంగిలించిరి. చేత పట్టగనే అవి చేతులను కాల్చివేసెను. పెద్దవాడు రత్నముతో కూడ అగ్నిబిలమున దూకెను. చిన్నవాడు దానిని సముద్రమున విసరివైచి, ఒడ్డు వెంబడి విలపించుచు పాడుచు తిరిగెను. ప్రతిజ్ఞ మాత్రము చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఎల్రాండ్ మాట. ఆ శరణార్థుల పల్లె కొల్లగొట్టబడిన దినమున పట్టువడిన బాలురిద్దరిలో నొకడు ఈ ఎల్రాండే. మాగ్లార్ జాలిగొని వారిని పెంచెను. పెంచినవానికిని పెరిగినవారికిని నడుమ ప్రేమ కలిగెనని గ్రంథము చెప్పుచున్నది. అనగా, విడువరాని ప్రతిజ్ఞ మనుష్యుని నేమి చేయునో ఎల్రాండ్ తన్ను పెంచిన చేతులలోనే చూచెను. అట్టివాడు వేలయేండ్ల పిమ్మట తొమ్మండుగురిని సాగనంపుచు ప్రమాణము వద్దనెను. ఈ రెంటిని ముడివెట్టి టోల్కీన్ ఎక్కడను వివరింపలేదు. ముడి మేము వేసినదే. అయినను అది గ్రంథమునకు విరుద్ధము కాదని నమ్ముచున్నాము.

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒకడు లేచి అడుగగలడు: అదే గ్రంథమున ఫిన్‌రాడ్ అను రాజు లేడా? యుద్ధమున తన్ను కాపాడిన బరహీర్ అను మనుష్యునకు, నీకును నీ సంతతికిని ఆపద వచ్చినపుడు తోడ్పడుదునని అతడు బాస చేసెను. బరహీర్ కుమారుడు వచ్చి యడిగినపుడు కిరీటమును నేలపై పడవైచి, పదిమంది తోడ బయలుదేరి, శత్రువు చెఱసాలలో ఆ కుర్రవానిని మ్రింగవచ్చిన తోడేలును వట్టిచేతులతో చంపి తానును చనిపోయెను. ఇది ప్రతిజ్ఞ కాదా? నిజమే, ప్రతిజ్ఞయే. కావుననే ప్రతిజ్ఞలన్నియు చెడ్డవని మేము చెప్పలేము. మా వాదము ఇక్కడ కొంత తగ్గవలసినదే. కాని రెంటికిని భేదము చూడుడు. ఫెయనార్ కుమారులు ఒక వస్తువు కొరకు ప్రతిజ్ఞ చేసిరి. ఫిన్‌రాడ్ ఒక మనుష్యునకు చేసెను. తమ ప్రతిజ్ఞకు వారు ఇతరుల ప్రాణములతో వెల చెల్లించిరి. ఫిన్‌రాడ్ తన ప్రాణముతో చెల్లించెను. అతనితో వచ్చిన పదిమందిలో ఎవరిని అతడు బలవంతపెట్టలేదు.

మన పాఠశాలల వక్తృత్వపు పోటీలలో ప్రతియేడును కర్ణుని స్వామిభక్తిని పొగడు బాలు డొకడైన నుండును. కర్ణుని మైత్రిని మేమును పొగడుదుము. తన జన్మరహస్యము తెలిసిన పిదప కూడ రాజ్యమునకు ఆశపడక మిత్రుని విడువకుండుట సామాన్యము కాదు. కాని ద్రౌపదీపరాభవమున నిండుసభలో న్యాయము పలికిన వికర్ణుడు దుర్యోధనుని సొంత తమ్ముడు. వానిని గద్దించి కూర్చుండబెట్టినవాడు కర్ణుడు. ఆ దినమున దుర్యోధనునకు నిజమైన మిత్రుడెవడు? వికర్ణునిపై ఉపన్యసించిన బాలుని మేమింతవఱకు వినలేదు.

ఉంగరపు గాథకు మరలుదము. అందు మాకు మిక్కిలి ప్రియుడైనవాడు రాజు కాడు, మాంత్రికుడు కాడు. బెరెగాండ్ అను నొక కాపలాభటుడు. చలనచిత్రములు మాత్రమే చూచినవారికి ఈతడు తెలియడు. గొండార్ రాజధానిని శత్రువులు ముట్టడించి యున్నారు. పాలకుడగు డెనెథార్ నిరాశచే మతి చెడి, గాయపడి జ్వరముతో స్మారకములేక పడియున్న తన కుమారుడు ఫరమిర్‌ను తనతో కూడ సజీవముగా దహించుకొనుటకు చితి పేర్పించెను. సేవకులు ఏమి చేసిరి? ఆజ్ఞ యనుచు కట్టెలు తెచ్చిరి. వారు దుర్మార్గులు కారు. ఏడ్చుచునే తెచ్చిరేమో. పిప్పిన్ పరుగున వచ్చి ఈ సంగతి బెరెగాండునకు చెప్పెను. అనుమతి లేక కావలిచోటు విడిచిన భటునకు ఆ దేశమున మరణదండన. బెరెగాండ్ ఆ మాట తలంచుకొనెను, తలంచుకొనియు విడిచెను. పరుగెత్తిపోయి, సమాధిమందిరపు ద్వారపాలకుని, అడ్డువచ్చిన సేవకులను కొందరిని చంపి, గాండాల్ఫ్ వచ్చువఱకు తలుపునొద్ద నిలిచి, ఫరమిర్ ప్రాణము నిలిపెను.

ఇంతటితో ముగించినచో అది సులభమైన కథ. యుద్ధము గెలిచిన పిమ్మట క్రొత్త రాజగు ఆరగార్న్ ఎదుట బెరెగాండ్ తీర్పునకు నిలువబడెను. పవిత్రస్థలమున రక్తము చిందించినాడు. సెలవు లేక కావలి విడిచినాడు. ఇవి నేరములు కావని రాజు చెప్పలేదు. మరణదండనమును రద్దుచేసెను, అతని పరాక్రమమునకును, అంతకంటె ఎక్కువగా అతడు ప్రేమచే చేసినాడు గనుకను. అయినను రాజభటుల కూటమినుండి, ఆ నగరమునుండి, వెడలిపొమ్మని యాజ్ఞాపించెను. బెరెగాండ్ ముఖము పాలిపోయెను. అప్పుడు రాజు తక్కిన మాట చెప్పెను: ఫరమిర్‌కు అంగరక్షకులగువారికి నాయకుడవై ఆయనతో పోవుము. ఎవరికొరకై సమస్తమును పోగొట్టుకొనుటకు సిద్ధపడెనో వారినే జీవితమంతయు కాచికొనుట అతనికి శిక్షయు బహుమానమును అయినది. బంటు తీర్పునకు నిలుచుట మనము మఱవరాదు. మిత్రుని కొరకు కట్టుబాటు మీరినవాడు ఆ మీరినందుకు మూల్యము చెల్లించుటకు వెనుదీయలేదు. ఒట్టు చాటున దాగినవారికిని వీనికిని గల భేదమిది.

ఇట్టి మీరుటలు ఆ గ్రంథమున మఱికొన్ని కలవు. ఇంట నుండి ప్రజలను పాలింపుమని రాజు చెప్పిన మేనకోడలు ఎయోవిన్, పురుషవేషమున యుద్ధమునకు వచ్చెను. రావలదన్న మెర్రీని తన గుఱ్ఱముపై దాచి తెచ్చెను. రాజు పడిపోయినపుడు ప్రక్కన నిలిచి శత్రుసేనానిని కూల్చినవారు ఈ యిరువురే. ఆమెకు అప్పగింపబడిన ప్రజల మాట యేమని అడుగువారికి మాయొద్ద పూర్తి సమాధానము లేదు. ఇక శామ్ సంగతి లోకవిదితము. ఎవరిని ప్రమాదమున పడవేయనొల్లక ఫ్రోడో ఒంటరిగా పడవలో పోవుచుండగా, ఈత రాని శామ్ నీటిలో దుమికి మునిగిపోబోయెను. యజమాని ఇష్టమునకు ఇది పూర్తిగా విరుద్ధము! శామ్‌ను తలంచినపుడెల్ల మాకొక చిన్న చిక్కు కలుగును. వాడు కడవఱకును ఫ్రోడోను అయ్యగారనియే పిలుచును. ఏలిక-బంటు సంబంధమునే మైత్రియని మనచే మెప్పింపజూచుచున్నారాయని సందేహము. టోల్కీన్ తాను 1914నాటి యుద్ధమున ఎఱిగిన సామాన్య సిపాయిలను, అధికారుల పరిచారకులను మనస్సున నుంచుకొని శామ్‌ను సృష్టించితినని, వారు తనకంటె ఎంతయో గొప్పవారని చెప్పుకొనెను. కథాంతమున ఫ్రోడో ఇల్లు వాకిలి శామ్‌కే చెందెను. శామ్ ఏడుమారులు ఆ దేశమునకు నగరాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. చిక్కు పూర్తిగా విడలేదు గాని కొంత సడలినది.

లెగొలాస్, గిమ్లీల స్నేహమును గూర్చి ఒక్కమాట. గిమ్లీ తండ్రిని లెగొలాస్ తండ్రి పూర్వము చెఱసాలలో పెట్టించెను. ఇరుజాతులకును తరతరముల పగ. ఎల్ఫుల యడవిలో ప్రవేశించునపుడు మరుగుజ్జువాని కండ్లకు మాత్రము గంతలు కట్టవలెనని కావలివారు పట్టుబట్టిరి. గిమ్లీ గొడ్డలికై చేయి చాచెను. అప్పుడు ఆరగార్న్, అట్లయినచో అందఱకును కట్టుడనెను. తన జాతివారి యడవిలో తానును గుడ్డివానివలె నడువవలసివచ్చినందుకు లెగొలాస్ కోపగించెను, అయినను నడిచెను. కొన్ని దినములలో వారిద్దరు విడదీయరాని మిత్రులైరి. పల్నాటి బ్రహ్మనాయుడు అన్నికులముల వీరులను ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూటి కథ కారెంపూడిలో నేటికిని ఉత్సవముగా జరుగుచుండుట చూచినవారికి, ఆ గంతల యర్థము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఆ బాలుని ప్రశ్నకు నిజమైన యుత్తరమున్న ఘట్టము. బోరోమిర్ దుర్బుద్ధి పుట్టి ఫ్రోడోనుండి ఉంగరమును బలాత్కారముగా లాగుకొనబోయెను. ఫ్రోడో తప్పించుకొనెను. వెంటనే శత్రువులు మీదపడగా, మెర్రీ పిప్పినులను కాపాడబోయి బోరోమిర్ ఒడలంతయు బాణములు గ్రుచ్చుకొని కూలెను. ఆరగార్న్ పరుగున వచ్చునప్పటికి ప్రాణము పోవుచున్నది. చేసిన తప్పును బోరోమిర్ తన నోటనే యొప్పుకొని, మూల్యము చెల్లించితినని చెప్పి, కన్నుమూసెను. ఆ కడపటి మాటలను ఆరగార్న్ తక్కిన మిత్రులకు చెప్పక బహుకాలము తనలోనే దాచుకొనెను.

ఇదియు మౌనమే. ఆ ముగ్గురు బాలురదియు మౌనమే. కాని బోరోమిర్ తప్పు ఒప్పుకొనబడినది, తీర్చబడినది; దానిని దాచినందున ఏ యమాయకుని జీతమును తెగలేదు. మిత్రుని తప్పును దాచుట కొన్నియెడల మైత్రి, కొన్నియెడల ద్రోహము. ఏది యేదియో తెలిసికొనుటకు ఆ మౌనమునకు కూలి ఎవరు చెల్లించుచున్నారో చూడవలెను. ఈ మాట ఆ దినమున వానికి చెప్పియుండవలసినది.

సంగతి బయటపడిన విధము ఇది. రెండవనెల జీతము ఇచ్చిన దినమున, అటెండరు ప్రయోగశాల మెట్లపై కూర్చుండి నోట్లను రెండుమారులు లెక్కించుకొనుట ఆ మువ్వురిలో నొకడు చూచెను. ఆ రాత్రి మిత్రుల ఇండ్లకు పోయి, రేపు నేను ప్రధానోపాధ్యాయులతో చెప్పబోవుచున్నాను, మీరును రండని యడిగెను. వారు వాని ముఖముపైననే తలుపు వేసిరి. మరునాడు వాడొక్కడే వచ్చి, పెట్టె తెఱచినవాడను నేను, త్రాసును పడవైచినవాడను నేనని చెప్పెను. ఇంకెవరున్నారని గట్టిగా అడిగినను తన పేరు తప్ప వేఱొక పేరు చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే రెండవవాడు తనంతట తాను వచ్చెను; మాతో ఉంగరపు కథ ఎత్తినవాడు వాడే. ఇరువురి తండ్రులు సొమ్ము చెల్లించిరి. అటెండరుకు తెగిన జీతము తిరిగి వచ్చెను. బడిలో చాలదినములు మొదటివానితో ఎవరును మాటలాడలేదు. వాని బల్లపై వాడొక్కడే కూర్చుండుట మేము చూచితిమి.

మూడవవాడు రాలేదు. అతడెవరో మాకు అప్పుడే తెలియును. ఎప్పుడును కలిసి తిరుగువారు ఆ మువ్వురే గదా. ప్రధానోపాధ్యాయులు మమ్మడిగిరి. అటెండరు సొమ్ము అప్పటికే అతని చేతికి వచ్చియుండుటచే మేము చెప్పలేదు. నేటివఱకును చెప్పలేదు.

గత సంవత్సరము ఒక వివాహమున అతడు కనబడెను. ఇప్పుడు మంచి యుద్యోగస్థుడు, ఇద్దరు బిడ్డల తండ్రి. కుశలప్రశ్నలైన పిమ్మట భోజనముల పంక్తిలో మా ప్రక్కన కూర్చుండి, చాలసేపు మాటలాడక, విస్తరివైపే చూచుచు అడిగెను.

“ల్యాబులో ఆ తాత ఉన్నాడా మాస్టారూ?”

“పోయి ఆరేళ్లయింది నాయనా” అంటిమి.